జిగురు పట్టని కారు

కారు రంగు మీద ఒక పూత పూసి, అది ఆరాక దాని మీద మరో పూత పూసి, ఆ పైన మైనం రుద్దితే, చివరికి కంటికి కనబడే మెరుపు ఎవరిది? అడుగు పూతదా, పై పూతదా, అసలు రంగుదా, లేక రుద్దిన చేతిదా? ఎన్నిసార్లు ఆలోచించినా ఇప్పటికీ తేలని సంగతి ఇది. అంతయ్యను అడిగితే మాత్రం తడుముకోకుండా చెప్పేవాడు.

"నీడది సార్."

ఎండలో పూస్తే పూత పూసినచోటే బిగుసుకుపోయి మచ్చలు పడుతుంది. దుమ్ములో పూస్తే దుమ్మును తెచ్చి రంగులోకి రుద్దినట్టవుతుంది. అంతయ్య చేతిలో పని ఉంది గాని నెత్తిన నీడ లేదు. ఎల్.బి. నగర్ నుంచి కర్మన్‌ఘాట్ వైపు పోయే రోడ్డు పక్కన నాలుగు వెదురు బొంగులు పాతి, పైన నీలం పరదా కట్టి, దాని కింద పన్నెండేళ్ళుగా కార్లు రుద్దుతున్నాడు. పొద్దున తూర్పు నుంచి ఎండ, మధ్యాహ్నం నెత్తిన ఎండ, సాయంత్రం పడమటి నుంచి ఎండ. రాత్రి నీడే గాని రాత్రిపూట మచ్చ కనబడదు. ఇక దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. ఏ లారీ దుమ్ము ఎట్లా ఉంటుందో వేళ్ళ మధ్య నలిపి చెప్పగలడు. సిమెంటు దుమ్ము మెత్తన, కంకర దుమ్ము గరుకు, ఇటుక దుమ్ము అన్నిటికన్నా పాపిష్టిది.

అతనిది నకిరేకల్ దగ్గర చిన్న పల్లె. పదహారో ఏట లారీ క్లీనరుగా ఎల్.బి. నగర్‌లో దిగాడు. క్లీనరంటే కడగాలి గదా అనుకుని కడిగాడు. ఎంత కడిగాడంటే డ్రైవరు తల పట్టుకున్నాడు. "ఒరేయ్, లారీ గిట్ల మెరిస్తె కొత్త బండి అనుకొని చెక్‌పోస్టుల ప్రతోడు ఆపుతుండురా. జర మట్టి ఉండనియ్యి" అన్నాడు. మట్టి ఉండనివ్వడం అంతయ్య వల్ల కాలేదు. లారీ వదిలి, కార్లు అమ్మే దుకాణంలో బండ్లు కడిగే పనికి కుదిరాడు. అక్కడ బొంబాయి నుంచి వచ్చిన ఒక మేస్త్రీ దగ్గర పూతల పని నేర్చాడు. మేస్త్రీ వెళ్ళిపోయాడు, దుకాణం మూతపడింది, విద్య మాత్రం చేతిలో మిగిలింది.

ఆ విద్యకు కొన్ని నియమాలున్నాయి. కారు తలుపుకొక గుడ్డ, బానెట్టుకొక గుడ్డ. కింద పడిన గుడ్డ మళ్ళీ కారును ముట్టకూడదు. దాన్లో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా రంగు మీద గీత పడుతుంది. అట్లా కులభ్రష్టమైన గుడ్డలన్నీ ఇంటికి చేరేవి. వాటితో అతని భార్య అరుణమ్మ ఇల్లు తుడిచేది. మైనం గుడ్డతో తుడిచిన గచ్చు అద్దంలా నిగనిగలాడేది. దాని మీద అడుగేసినవాడు అడుగేసినట్టే జారేవాడు. అరుణమ్మ తమ్ముడు మహేందర్, ఆటో నడుపుతాడు, అక్క చేతి కూర తినడానికి వచ్చి రెండుసార్లు వెల్లకిలా పడ్డాడు.

"బావా, నీ ఇంట్ల తిందామంటె నడుముకు పట్టీ ఏస్కొని రావాలె" అనేవాడు.

పూతల పనికి నీడ తర్వాత కావలసింది వ్యవధి. అడుగున వేసేది సీలెంటు. అది రంగును కరిచి పట్టుకోవడానికి ఒక పగలు, ఒక రాత్రి కావాలి. అప్పటిదాకా చుక్క నీళ్ళు పడకూడదు, చెయ్యి తగలకూడదు. ఆ మర్నాడు రెండో పూత, మళ్ళీ ఒక రోజు. ఆపైన మైనం. కారున్నవాడు మూడు నాలుగు రోజులు కారు వదులుతాడా? పొద్దున ఇచ్చి మధ్యాహ్నానికి తాళం చెవి చేతిలో పెట్టమంటాడు. అందుకే అంతయ్య చాలాకాలం తన విద్యలో సగమే అమ్ముకున్నాడు.

ఉద్యమం వచ్చి ఆ కొరత తీర్చింది. బంద్ అంటే కార్లు ఇంటి నుంచి కదలవు. రెండు రోజుల బంద్ అంటే రెండు పూతలు. అంతయ్య పొద్దున్నే చాయ్ దుకాణంలో పేపరు తెరిచి, రేపు బంద్ అని చూడగానే పిడికిలి బిగించి "జై తెలంగాణ" అనేవాడు, ఆ పిడికిలి విప్పకముందే ఎడమ చేత్తో ఫోను తీసి దిల్‌సుఖ్‌నగర్ కాలనీల్లోని కార్లవాళ్ళకు చేసేవాడు. అది దొంగ భక్తి కాదు. సభలకు పోయేవాడు, ధూంధాం ఆటపాటలు జరిగితే ముందు వరసలో కూర్చునేవాడు, సామాన్ల డబ్బా మీద పెద్దక్షరాలతో జై తెలంగాణ రాయించుకున్నాడు. అయినా అరుణమ్మ ఊరుకునేది కాదు.

"ఏందయ్యా, నీకు తెలంగాణ గావాల్నా, బంద్ గావాల్నా?"

"తెలంగాణనే గావాలె. వచ్చేదాంక బంద్ గావాలె."

రెండువేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలియదు. అంతయ్య జీవితంలో అంత పెద్ద వ్యవధి ఎన్నడూ దొరకలేదు. ఆ వారంలోనే త్రినాథరావు కబురు చేశాడు.

త్రినాథరావుది అమలాపురం వైపు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పాతికేళ్ళుగా ఫిజిక్సు చెబుతున్నాడు. గడ్డిఅన్నారం వెనక వీధిలో ఒక అపార్టుమెంటులో ఉంటాడు. తొమ్మిది కార్లున్న ఆ అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షుడు కూడా. మిగతావాళ్ళంతా మాకొద్దంటే ఆయన్ను చేశారు. సమ్మెతో క్లాసులు లేక, చెప్పాల్సిన పాఠం అంతా కడుపులోనే ఉండిపోయి ఉక్కిరిబిక్కిరవుతున్నాడు. ఆయన నల్ల ఎస్టీం కారును గేటు ముందు రుద్దడానికి వచ్చిన అంతయ్య ఆయనకు శిష్యుడిలా దొరికాడు.

"చూడవయ్యా అంతయ్యా. ఒక పూత వేస్తే ఒక మందం. రెండు వేస్తే రెండింతలు. పది వేస్తే పదింతలు. కాబట్టి పది వెయ్యి."

"అట్ల గాదు సార్. మొదటి పూతల చెయ్యి యాడ తప్పిందో, రెండో పూత ఆడ వడ్తది. గంతే. మూడోది మన ఖుషీ కోసం."

"మరి నాలుగోది?"

"నాలుగోది గిరాకీ ఖుషీ కోసం."

ఆయన నవ్వాడు. ముందు మైనం వేసి, మీద సీలెంటు వేస్తే ఏమవుతుందని అడిగాడు. "రెండూ పోతయ్ సార్" అన్నాడు అంతయ్య. "సీలెంటు రంగును కరిచి పట్టుకోవాలె. మైనం మీద దేనికీ పట్టు దొరకది. నీళ్ళైనా, బురదైనా, ఏదైనా జారాల్సిందే."

పరదా కింద అతను పడే పాట్లు విన్న త్రినాథరావుకు ఒక ఆలోచన వచ్చింది. తమ అపార్టుమెంటు సెల్లారులో, నీళ్ళ మోటారు పక్కన ఒక మూల ఊరికే పడి ఉంది. అక్కడ ఎండ రాదు, లారీ దుమ్ము రాదు. ఆ మూల అంతయ్యకు ఇస్తే తమ కార్లూ బాగుపడతాయి, అతనూ బాగుపడతాడు. మాట చెవిన పడగానే అంతయ్య చేతిలో గుడ్డ కింద పడింది. ఆ గుడ్డ ఆ సాయంత్రమే అరుణమ్మకు చేరింది. నీడ దొరకబోతున్నదన్న వార్త కూడా.

"నిజంగనే ఇస్తరంటవా?" అంది ఆమె. వెటకారం లేకుండా ఆమె అడిగిన కొద్ది ప్రశ్నల్లో అదొకటి.

"సార్ ఇస్తనన్నడు. సంఘపోళ్ళు ఒప్పుకోవాలె."

సంఘంలో అడ్డుపడినవాడు రామారావు. ఆయనదీ కోస్తాయే, టైల్సు వ్యాపారం. గుబురు మీసం, దానికి తగ్గ అనుమానం.

"అదేంటండీ మాస్టారూ, అతను ఉద్యమం మనిషి. డబ్బా మీద రాసే ఉంది. ఇవాళ గుడ్డ పట్టుకుని దిగుతాడు, రేపు జెండా పట్టుకుని పదిమందితో దిగితే?"

"ముందు పని చూడండి రామారావుగారూ."

చివరికి ఒక పందెం కుదిరింది. సమ్మె రోజుల్లో అదే సెల్లారులో త్రినాథరావు కారుకు పూతలు వేయాలి. ఆదివారం సాయంత్రం అందరూ దిగి చూస్తారు. ఆ నల్ల బానెట్టులో రామారావు మీసం వెంట్రుక వెంట్రుకగా కనబడితే, మూల అంతయ్యది.

సోమవారం పొద్దున అంతయ్య ఆ సెల్లారులోకి దిగుతూ ర్యాంపు దగ్గరే చెప్పులు విడిచాడు. వాచ్‌మన్ నవ్వాడు. నవ్వనీ. లోపల చల్లగా, మసకగా ఉంది. ఎక్కడో పావురం గొంతు. నేల మీద వేలుతో రాసి, వేలు చూసుకున్నాడు. శుభ్రంగా ఉంది. పన్నెండేళ్ళలో మొదటిసారి గాలి ఎటు వీస్తుందో చూసుకోకుండా పని మొదలుపెట్టాడు. ఆ రోజు కడిగి, రంగులో దిగబడిన మురికినంతా ఆ పనికే అమ్మే మెత్తటి మట్టిముద్దతో లాగేశాడు. మంగళవారం సీలెంటు, బుధవారం మళ్ళీ సీలెంటు, గురువారం మైనం. అద్దాలను కూడా వదల్లేదు. గురువారం సాయంత్రానికి ఆ నల్లటి కారులోకి చూస్తే బావిలోకి తొంగి చూసినట్టుంది. అంతయ్య తన మీసం చూసుకున్నాడు. మూడు తెల్ల వెంట్రుకలు లెక్క తేలాయి.

అదే రోజు త్రినాథరావు భార్య ఇందిరాదేవికి కంట్లో శుక్లం తీశారు. ఆసుపత్రి ఎల్.బి. నగర్ అవతల. వాళ్ళ వ్యానే తీసుకుపోయి, తీసుకొచ్చి దింపింది. మర్నాడు పొద్దున పదింటికి వెళ్ళి కట్టు విప్పించుకోవాలి. శుక్రవారం ఎనిమిదింటికి ఫోనొచ్చింది. వ్యాను డ్రైవరు సమ్మెలోకి దిగాడట, మీరే ఎట్లాగో రావాలి అని. ఎల్.బి. నగర్ చౌరస్తాలో ఆ రోజే రాస్తారోకో.

త్రినాథరావు సెల్లారులోకి పరుగెత్తుకొచ్చేసరికి అంతయ్య ఇంకా రాలేదు. డబ్బా మాత్రం ఉంది. దాని మీద మహేందర్ పంచమని ఇచ్చిన జై తెలంగాణ స్టిక్కర్ల కట్ట ఉంది. త్రినాథరావు ఒకటి తీసి, వెనక కాగితం ఒలిచి, బానెట్టు నడుమ రెండు చేతులా అదిమి నొక్కాడు. అంతయ్య వచ్చి చూసి గుండె పట్టుకున్నాడు.

"ఏంది సార్ గిట్ల జేసిన్రు! అది నిల్వది సార్!"

"నిలిచింది చూడు."

"ఇప్పుడు నిలుస్తది. ఇంజను వేడెక్కితె మైనం మెత్తబడ్తది. దవాఖానకని చెప్తే వాళ్ళే పంపుతరు, స్టిక్కరెందుకు?"

"నీకేమయ్యా, నువ్వు చెబితే పంపుతారు. నేను నోరు తెరిచి 'అయ్యా బాబూ' అన్నానంటే మా ఊరు పేరు తెలిసిపోతుంది. ఆ కట్ట తీసుకుని నువ్వు కూడా ఎక్కు. ముందు సీట్లో కూర్చో."

అట్లా అంతయ్య తను రుద్దిన కారులో మొదటిసారి కూర్చున్నాడు. వెనక సీట్లో ఒక కంటికి కట్టుతో ఇందిరాదేవి. త్రినాథరావు గంటకు ఇరవై కిలోమీటర్లు దాటకుండా నడిపాడు. అంతయ్య చూపు దారి మీద లేదు, స్టిక్కరు మీదే ఉంది. కొత్తపేట దాటేసరికి దాని ఒక మూల లేచింది. చౌరస్తాలో జనం కనబడగానే త్రినాథరావు గట్టిగా బ్రేకు వేశాడు. స్టిక్కరు బానెట్టు మీద జారుడుబండ ఆడినట్టు సర్రున జారి, సరిగ్గా ముందు వరసలో నిలబడ్డ కుర్రాళ్ళ కాళ్ళ దగ్గర పడింది.

నినాదాలిస్తున్న కుర్రాళ్ళు వంగి చూశారు.

"స్టిక్కర్ పీకి పారేసిండ్రో!" అన్నాడొకడు.

గుంపు లోంచి మహేందర్ బయటికొచ్చాడు. కారును చూశాడు, ముందు సీట్లో బావను చూశాడు. "బావా! నువ్వేంది, పొద్దుగాల పొద్దుగాల కారుల దొరలెక్క!"

అంతయ్య దిగాడు. "అమ్మకు కన్ను ఆపరేషనైంది మహేందరూ. కట్టు విప్పాలె. జర తొవ్వ ఇయ్యిండ్రి."

"తొవ్వ ఇస్తం, దవాఖానకు ఎవలాపుతరు? గాని స్టిక్కర్ ఎందుకు పీకిన్రు?"

"పీకలే. జారింది."

"స్టిక్కర్ జారుడేంది?"

అంతయ్య కారు తెరిచి కట్టలోంచి ఇంకొకటి తీసి అంటించాడు. జారింది. మరొకటి పక్కన అంటించాడు. అదీ జారింది. మహేందర్ "నువ్వు జరుగు బావా" అని తనే ఒకటి ఒలిచి, మోచేత్తో రుద్ది, పిడికిలితో గుద్ది అంటించాడు. చెయ్యి తీయగానే అది మహేందర్ చొక్కాకు అంటుకుని వచ్చింది. ఒక పెద్దాయన ముందుకొచ్చి, "మీకు అంటిచ్చుడు రాదురా" అని ముందద్దం మీద ప్రయత్నించాడు. అద్దానికీ మైనం పట్టి ఉంది. నవ్వులు లేచాయి. అంతలో వెనక నుంచి, మాస్టారిని గుర్తుపట్టిన ఎవరో, "ఆంధ్ర కారు మీద తెలంగాణ నిలుస్తలేదన్నట్టు!" అన్నారు. నవ్వుల మధ్య కొన్ని గొంతులు నవ్వడం మానేశాయి.

అంతయ్యకు ఒళ్ళు మండింది. "ఓ అన్నా, కారుకేం తెలుసు! ఇది నా మైనం. నా చేతి పని. కింద రెండు పూతల సీలెంటు. దీని మీద నీ తాత ఫోటో వెట్టినా నిల్వది."

"అయితె నీ మైనమే తెలంగాణ ఒద్దంటుందా బావా?" అన్నాడు మహేందర్. సరదాకే అన్నాడు. కాని ఇప్పుడు అందరూ అంతయ్య వైపు చూస్తున్నారు.

చేసే పని ఒక్కటే ఉంది. అది అంతయ్యకు మొదటి స్టిక్కరు జారినప్పుడే తెలుసు. మైనం తీసేస్తే స్టిక్కరు నిలుస్తుంది. ఆదివారం రెండు రోజుల్లో ఉంది. పూతలు మళ్ళీ వేయాలంటే నాలుగు రోజులు కావాలి. బానెట్టులోకి చూశాడు. అందులో ఆకాశం, జెండాలు, మహేందర్ ముఖం, ఏదీ వంకరపోకుండా ఉన్నాయి.

"నీ ఆటోల కెళ్ళి జరంత పెట్రోలు తియ్యి" అన్నాడు.

త్రినాథరావు సంగతి గ్రహించి తలుపు తెరుచుకుని దూకాడు. "వద్దయ్యా అంతయ్యా! నడిచైనా వెళతాం! ఎల్లుండి మీసం చూడాలి!"

"మీసమేంది?" అన్నారు కుర్రాళ్ళు.

"ఏవండీ," అంది లోపలి నుంచి ఇందిరాదేవి, "మీ మీసాలు తగలెయ్య, పది కావస్తోంది. అతన్ని రుద్దనివ్వండి."

అంతయ్య పెట్రోలు తడిపిన గుడ్డతో బానెట్టు నడుమ జానెడు మేర తుడిచాడు. అక్కడ నలుపు ఒక్కసారిగా గుడ్డిదైపోయింది. స్టిక్కరు అంటించాడు. నిలిచింది. ఎంత చప్పట్లు, ఎంత జై! ఉత్సాహం పట్టలేక మహేందర్ ఆ గుడ్డ లాక్కుని తలుపు మీద రుద్ది ఇంకొకటి అంటించాడు. పెద్దాయన పైకప్పు మీద అంటించాడు. కిటుకు తెలిసింది గదా, ఇంక ఆగేదెవరు? దారి వదిలేసరికి కారు మీద ఇరవై మూడు స్టిక్కర్లున్నాయి. ఇద్దరు కుర్రాళ్ళు బైకు మీద ముందు నడుస్తూ ఆసుపత్రి గేటు దాకా సాగనంపారు.

కట్టు విప్పాక ఇందిరాదేవి మెట్లు దిగివచ్చి, కొత్త కంటితో కారును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. "ఏవండీ, నాకు చూపు వచ్చిందా, పోయిందా?" అంది.

ఆదివారం సాయంత్రం సంఘం సెల్లారులోకి దిగింది. రామారావు వంగి, స్టిక్కరుకూ స్టిక్కరుకూ నడుమ మిగిలిన నలుపులో మీసం వెతికాడు. ఎడమ సగం ఒక సందులో బ్రహ్మాండంగా కనబడింది. కుడి సగం స్టిక్కరు కిందికి పోయింది. అంతయ్య గోడకు ఆనుకుని, మూల పోయినట్టేనని మనసుకు నచ్చజెప్పుకుంటున్నాడు.

రామారావు నడుం ఎత్తి, "ఇదంతా సరేగాని మాస్టారూ," అన్నాడు, "శుక్రవారం చౌరస్తా దాటి వెళ్ళొచ్చారా? నిజంగా?"

"ముందు బైకు కూడా పెట్టి పంపారు."

"పదకొండు రోజులైందండీ నేను గేటు దాటి. గోడౌను ఏమైందో తెలియదు." ఆయన అంతయ్య వైపు తిరిగాడు. అంతయ్యను ఆయన సరిగ్గా చూడటం అదే మొదటిసారి. "ఇద్దాం. ఆ మూల ఇతనికే ఇద్దాం."

అందరూ సరేనన్నారు. త్రినాథరావు, తన శిష్యుడికి మొదటి ర్యాంకు వచ్చినట్టు, అంతయ్య భుజం చరిచాడు. ఆ సాయంత్రం అరుణమ్మ పాయసం వండింది. గుడ్డలన్నీ ఉతికి, మడిచి, కొత్త సంచిలో పెట్టి ఇచ్చింది.

సోమవారం పొద్దున రామారావు కారు దగ్గరికి గుడ్డ పట్టుకుని పోతే, ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"పూత వద్దయ్యా. మైనం ఉంటే స్టిక్కరు అంటదన్నావు గదా? ఉన్నదేదో తుడిచేసి, అది అంటించు చాలు. నువ్వు హాయిగా కూర్చో."

వాచ్‌మన్ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి గేటు పక్కన వేశాడు. ఆ రోజు అంతయ్య ఎనిమిది కార్లను పెట్రోలుతో తుడిచి ఎనిమిది స్టిక్కర్లు అంటించాడు. మంగళవారం నుంచి ఆ పనీ లేదు. రామారావు గోడౌనుకు పోతూ, "అంతయ్యా, కాస్త ముందు సీట్లో కూర్చుంటావా?" అన్నాడు. రెండో అంతస్తువాళ్ళు సైదాబాద్‌లో చుట్టాలింటికి పోతూ పిలిచారు. మూడో అంతస్తువాళ్ళు కూరగాయలకు పోతూ పిలిచారు. పిలిచినప్పుడు ఎక్కడం, చౌరస్తాలో చెయ్యి ఊపడం, వచ్చి ఎర్ర కుర్చీలో కూర్చోవడం. అందరూ మర్యాదగానే ఉన్నారు. కాఫీలిచ్చారు, ఒకరింటి నుంచి పెసరట్టు కూడా వచ్చింది. వాళ్ళ భయం వాళ్ళది. తెలియని గుంపులోకి నోరు తెరవాలంటే ఎట్లా ఉంటుందో అంతయ్యకు తెలుసు. మొదటిసారి పట్నంలో దిగినప్పుడు అతనికీ అట్లాగే ఉండేది.

"కార్లల్ల తిరుగుతున్నవంట గద, దొరలెక్క!" అంది అరుణమ్మ బుధవారం.

"తిరుగుతున్న. గుడ్డ ముట్టి రెండు దినాలైంది."

మహేందర్ ముద్ద దిగమింగి పడీపడీ నవ్వాడు. "అయితె నువ్వే స్టిక్కర్ అయినవ్ పో బావా!"

అంతయ్యా నవ్వాడు. ఆ తర్వాత అన్నం సహించలేదు. తెల్లగా మడిచిన గుడ్డల సంచి తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. చల్లటి నీడ ఉంది, దుమ్ము లేదు, తొమ్మిది కార్లున్నాయి, ఒక్కదాని మీదా చెయ్యి వేసే పని లేదు. ఈ సంగతి త్రినాథరావుకు ఎట్లా చెప్పాలి? చెబితే ఆయన సంఘం మీదికి పోతాడు. రామారావుతో గొడవపడి అధ్యక్ష పదవి విసిరికొడతాడు. కుదిర్చింది తనేనని పొద్దునా సాయంత్రం మురిసిపోతున్న మనిషికి, ఈ మూల నాకొద్దని చెప్పే నోరు అంతయ్యకు లేదు.

గురువారం పొద్దున ఎవరూ అడక్కుండానే నల్ల ఎస్టీం మీద పని మొదలుపెట్టాడు. కొబ్బరినూనె రాసి, నానబెట్టి, ఇరవై మూడు స్టిక్కర్లనూ చిరగకుండా ఒకటొకటిగా తీశాడు. వాటిని పాత గాజు పలక మీద పరిచాడు, పారేయడానికి మనసొప్పక. త్రినాథరావు దిగివచ్చి అదిరిపడ్డాడు.

"తీసేస్తున్నావేమిటయ్యా? ఎక్కడికైనా వెళ్ళాలంటే?"

"యాడికి పోతరు సార్, అమ్మ కట్టు విప్పిన్రు గద."

ఆయన ఎర్ర కుర్చీ తెచ్చుకుని అంతయ్య పక్కన వేసుకున్నాడు. "వెళ్ళనులే. చెయ్యి" అన్నాడు. ఆ రోజు మందం గురించి, పదింతల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. చిన్న చిన్న వలయాలుగా తిరిగే ఆ చేతిని మాత్రం చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రానికి అంతయ్య నూనె జిడ్డూ, పాత మైనమూ పూర్తిగా పోయేలా కారు కడిగాడు. శుక్రవారం సీలెంటు. శనివారం సీలెంటు. రెండుసార్లు రామారావు పిలిచాడు, రెండుసార్లూ అంతయ్య చేతులు చూపించి, "పూత మీద ఉన్న సార్, ఇయ్యాల ఒచ్చుడు గాదు" అన్నాడు. రామారావు విసుక్కుంటూ ఒక్కడే పోయి, ఏమీ కాకుండానే తిరిగొచ్చాడు. వచ్చాక, చౌరస్తాలో ఎవరో దారి చూపించి చాయ్ కూడా తాగమన్నారని వాచ్‌మన్‌కు చెబుతుంటే అంతయ్య విన్నాడు.

ఆదివారం పొద్దున మైనం. పల్చగా రాసి, పొగమంచు పట్టినట్టు తెల్లబడేదాకా ఆగి, కొత్త గుడ్డతో తుడిచాడు. పెట్రోలు చేసిన గుడ్డి మచ్చ ఒక్కటీ లేదు. సెల్లారు పైకప్పు, నీళ్ళ పైపులు, దూలం మీది పావురం, అన్నీ ఆ నలుపులోకి దిగి కూర్చున్నాయి. త్రినాథరావు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇందిర చూడాలయ్యా దీన్ని. ఇప్పుడే తీసుకొస్తాను. నీకు కాఫీ కూడా. కదలకు."

లిఫ్టు తలుపు మూసుకుంది. అంతయ్య గుడ్డలు మడిచి సంచిలో పెట్టాడు. డబ్బాను తన టీవీఎస్ బండి వెనక తాడుతో కట్టాడు. సంఘంవాళ్ళు ఇచ్చిన సెల్లారు గేటు తాళం చెవిని ఎర్ర కుర్చీ మీద పెట్టాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక బంపరు మీద తన వేలిముద్ర ఒకటి కనబడితే చొక్కా అంచుతో తుడిచాడు.

పైనెక్కడో లిఫ్టు కదిలింది. లోపలి నుంచి ఇందిరాదేవి ఏదో అంటోంది, త్రినాథరావు నవ్వుతున్నాడు. అంతయ్య బండిని స్టార్టు చేయలేదు. హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని, చప్పుడు కాకుండా ర్యాంపు మీదుగా పైకి నెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.